ఆటల కంప్యూటరు: కూర్పు, మరమ్మతు

కంప్యూటరు తెరపై ఆటలాడు బాలుడు ఒక మీటను నొక్కగానే తెరపైని వీరుడు గెంతును. కారు మలుపు తిరుగును. ఎదుటి గోడపై నీడ కదలును. ఇది చలనచిత్రమును చూచుట వంటిదే యని పైకి తోచును. కాని రెంటికిని గొప్ప భేదము గలదు. చలనచిత్రమునందు బొమ్మలన్నియు ముందుగానే తీసి యుంచబడినవి. యంత్రము వానిని వరుసగా చూపును, అంతియే. ఆటయందో, రాబోవు బొమ్మ యేదియో యెవరికిని తెలియదు. ఆడువాడు కుడికి తిరుగునో, యెడమకు తిరుగునో, తిరిగిన పిమ్మటనే ఆ దృశ్యమును అప్పటికప్పుడు లెక్కగట్టి చిత్రింపవలెను. సెకనునకు 60 బొమ్మలు కావలెనన్నచో ఒక్కొక్క బొమ్మకు లభించు కాలము సెకనులో 60వ వంతు, అనగా సుమారు 17 మిల్లీసెకనులు మాత్రమే. మనము కన్ను మూసి తెరచునంతలో ఇట్టి బొమ్మలు అయిదారు గడచిపోవును.

ఇంత తొందర పనికి, ఉత్తరములు వ్రాసికొనుటకును జమాఖర్చులు చూచుకొనుటకును చాలిన సామాన్య యంత్రము చాలదు. చాలిన యంత్రమునకు వెల యెక్కువ. మధ్యతరగతి కుటుంబమువారికి అది నెలల తరబడి కూడబెట్టినగాని సమకూడని వస్తువు. అట్టి సొమ్ము వెచ్చించునప్పుడు ఏ భాగమునకు ఎంత వెచ్చింపవలెనో తెలిసి యుండుట మేలు. అది చెడినప్పుడు దోషము ఎచ్చటనున్నదో వెదకి తెలిసికొనుట అంతకంటెను మేలు. తెలియనివారు చెడని భాగమును పారవైచి, చెడినదానిని ఇంటనే యుంచుకొందురు.

ఈ యంత్రమును ఇంటియందే కూర్చుకొనగలుగుటకు ఒక చారిత్రక కారణము గలదు. 1981లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు అందలి భాగములను పెక్కింటిని ఇతర సంస్థలనుండి కొని కూర్చినది. దాని నిర్మాణ వివరములను కూడ ప్రచురించినది. అందుచే దానికి సరిపడు భాగములను, దానిని పోలిన యంత్రములను ఇతరులును చేయసాగిరి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతల పద్ధతిని ప్రకటించినది. మదర్‌బోర్డు పొడవు వెడల్పులెంత, స్క్రూలకు రంధ్రములెచ్చట, విద్యుత్తు తీగలెచ్చట చేరవలెను అను విషయములు అందు నిర్ణయింపబడినవి. కొన్ని మార్పులతో ఆ పద్ధతియే నేటికిని నడచుచున్నది. కావుననే ఒక దేశమున చేసిన బోర్డు మరియొక దేశమున చేసిన పెట్టెలో చక్కగా ఇమిడిపోవుచున్నది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నై నగరమునందలి రిచీ వీధి, ఢిల్లీలోని నెహ్రూ ప్లేసు ఇట్టి భాగములు విడివిడిగా దొరకు ప్రసిద్ధమైన బజారులు.

బజారునకు పోయినవారు సాధారణముగా చేయు పని యేమనగా, పేరుగాంచిన ప్రాసెసరు నొకదానిని ముందు కొని, మిగిలిన సొమ్ముతో మిగిలినవానిని సరిపెట్టుకొందురు. ఇది కుదరదు. చెరువు నిండుగా నున్నను తూము ఇరుకైనచో పొలమునకు పారు నీరు ఆ తూమును బట్టియే యుండును. చెరువును ఇంకను లోతు చేసి లాభము లేదు. కంప్యూటరులోని భాగములును ఇట్లే ఒకదానికొకటి లోబడి పనిచేయును. అన్నిటిలో మందకొడియైన భాగమేదియో దానిని బట్టియే యంత్రముయొక్క వేగము నిర్ణయమగును.

నా యభిప్రాయమున ముందుగా నిర్ణయింపవలసినది తెర. తెరను బట్టి యంత్రమునకు ఎంత పని పడునో తేలిపోవును. తెరపైని బొమ్మ సన్నని చుక్కలతో ఏర్పడినది, వానిని పిక్సెళ్లందురు. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. సెకనునకు 60 బొమ్మలన్నచో పన్నెండు కోట్ల నలువది నాలుగు లక్షల చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. అడ్డముగా 3840, నిలువుగా 2160 గల పెద్ద తెరపై చుక్కలు 82,94,400. అనగా మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. తెరను మార్చినంతమాత్రమున పని నాలుగింతలైనది! బల్లపై నుంచుకొను 24 అంగుళముల తెరకు మొదటి కొలత చాలును. ఇక తెర తన బొమ్మను సెకనునకు ఎన్నిసార్లు మార్చగలదను విషయము వేరుగా చూడవలెను. కొన్ని తెరలు 60 సార్లు, కొన్ని 144 సార్లు, కొన్ని అంతకంటె నెక్కువసార్లు మార్చగలవు. 60 సార్లు మాత్రమే మార్చగల తెరకు 144 బొమ్మలు తయారుచేయు యంత్రమును జోడించినచో అందు సగమునకు పైగా చూపబడకయే పోవును. వేగముగా గురిపెట్టి కాల్చు పోటీ యాటలాడువారికి వేగముగల తెర అవసరము. పొలము దున్నించు ఆటలు, పట్టణములు కట్టించు ఆటలు ఆడువారికి అది అంత అవసరము కాదు.

తెర తేలిన పిమ్మట గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు అను రెంటిని కలిపి ఆలోచింపవలెను. వీని భేదమును మీకు పాఠశాల దృష్టాంతముతో చెప్పెదను. ప్రాసెసరు ఆరుగురో ఎనమండుగురో మహాపండితులు కూర్చున్న గది వంటిది. ఎంత చిక్కు సమస్యనైనను వారు వరుసగా విప్పగలరు. గ్రాఫిక్స్ కార్డు వేలకొలది విద్యార్థులు కూర్చున్న మైదానము వంటిది. ఒక్కొక్కడు చేయగలిగినది చిన్న లెక్కయే. కాని అందరును ఒక్కసారిగా చేయుదురు. ప్రత్యర్థి యెటు కదలవలెను, బంతి యెచ్చట పడవలెను, ఏ వస్తువు కనబడవలెను అను నిర్ణయములు పండితులవి. నిర్ణయమైన దృశ్యములో ఒక్కొక్క చుక్కకు ఏ రంగు వేయవలెనను లెక్క విద్యార్థులది. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును విడుదల చేసి, ఇట్టి చిత్రలేఖన ప్రాసెసరుకు జి.పి.యు. అను పేరును ప్రచారములోనికి తెచ్చినది. పండితులు ప్రశ్నలు సిద్ధము చేయుటలో వెనుకబడినచో విద్యార్థులు ఊరక కూర్చుందురు. విద్యార్థులు చాలనిచో పండితులు వేచియుందురు. జోడు కుదరని ఎడ్ల బండి ఎట్లు నడచునో ఇదియు నట్లే.

మన యంత్రమున వెనుకబడినది ఏదియో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి గలదు. దీనికి కానీ ఖర్చు లేదు. ఆటయొక్క అమరికలలో బొమ్మ కొలతను తగ్గింపవలెను. అనగా చుక్కల సంఖ్యను తగ్గింపవలెను. అట్లు తగ్గించినప్పుడు సెకనునకు వచ్చు బొమ్మల సంఖ్య బాగుగా పెరిగినచో, ఇంతవరకు వెనుకబడినది గ్రాఫిక్స్ కార్డే. చుక్కలు తగ్గినను బొమ్మల సంఖ్య పెరగనిచో వెనుకబడినది సాధారణముగా ప్రాసెసరు. ఏలయన చుక్కల పని తగ్గినను దాని పని తగ్గలేదు. పాత యంత్రమునకు కొత్త భాగము కొనదలచినవారు ఈ పరీక్ష చేయకుండ దుకాణపు మెట్లెక్కరాదు.

కార్డునకు దాని స్వంతమైన జ్ఞాపకశక్తి వేరుగా నుండును. అది చాలనిచో ఆట మొత్తము నెమ్మదింపక, నడుమ నడుమ ఉలికిపడినట్లు ఆగి కదలును. అప్పుడు గోడలు, బట్టలు, చెట్లు మొదలగువాని నగిషీ స్థాయిని అమరికలలో తగ్గించినచో కుదుటపడును. వాడిన కార్డులు చవుకగా దొరకుననియు కొందరు కొనుచుందురు. 2020, 2021 సంవత్సరములలో క్రిప్టో నాణెములను సంపాదించుటకై లెక్కలేనన్ని కార్డులను రాత్రింబవళ్లు నడిపించిరి. ఆటలాడువారికి కార్డులు దొరకక ధరలు ఆకాశమునంటినవి. 2022 సెప్టెంబరులో ఈథీరియం తన పద్ధతిని మార్చుకొనుటతో ఆ పని నిలిచి, ఆ కార్డులు అంగళ్లకు వచ్చినవి. వాడిన కార్డును కొనుట తప్పు కాదు. కాని ఎదుట నడిపించి, అరగంటసేపు ఆట నడచినదాక చూచి కొనవలెను.

మదర్‌బోర్డు, ర్యాము, నిల్వ పరికరము అనువానినిగూర్చి చెప్పవలసినది కొంచెమే. ప్రాసెసరు కూర్చుండు చోటును సాకెట్టందురు. ఒక సాకెట్టులో వేరొక తరగతి ప్రాసెసరు దిగదు. ఎ.ఎం.డి. సంస్థ 2022లో తెచ్చిన ఏ.ఎం.5 సాకెట్టు బోర్డునకు అంతకుముందరి ఏ.ఎం.4 ప్రాసెసర్లు పనికిరావు, దానికి డి.డి.ఆర్.5 ర్యామే కావలెను. డి.డి.ఆర్.4 ర్యాముకర్రకును డి.డి.ఆర్.5 కర్రకును నొక్కుచోటు వేరు, బలవంతముగా దింపరాదు. ర్యామును ఒకే పెద్ద కర్రగా గాక, సమానమైన రెండు కర్రలుగా కొనుట మంచిది; రెండు దారులలో సమాచారము ఒకేసారి ప్రవహించును. నాలుగు గాళ్లున్న బోర్డులలో సాధారణముగా ప్రాసెసరు వైపునుండి రెండవ, నాలుగవ గాళ్లలో వానిని పెట్టవలెను. ఎస్.ఎస్.డి. వలన ఆట త్వరగా తెరచుకొనును గాని, సెకనునకు వచ్చు బొమ్మలు పెద్దగా పెరుగవు. ఇక ఫ్యానులలోను, ర్యాము కర్రలపైనను వెలుగు రంగురంగుల దీపముల వలన ఒక్క బొమ్మయైనను పెరుగదు. దీపావళి ఏడాదికొకసారి వచ్చుచునే యున్నది గదా!

అందరును చిన్నచూపు చూచు భాగము పవర్ సప్లై. దుకాణములవారు దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులు మొదలగు చిన్న పాళ్లలోనికి మార్చి భాగములన్నింటికిని పంచునది ఇదియే. ఇది కంటికి కనబడదు, తెరపై దీని ఫలితము తోచదు. కావున ఖర్చు తగ్గింపదలచినవారి కత్తి ముందు దీనిపైననే పడును. కాని ఇది చెడునప్పుడు తానొక్కతియే పోక, కొన్ని వేళల బోర్డును కార్డును గూడ వెంటబెట్టుకొని పోవును. కొనునప్పుడు ఒక చిన్న కూడిక చేసికొనవలెను. గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు, ప్రాసెసరు 120 వాట్లు, మిగిలినవన్నియు 60 వాట్లు లాగుననుకొందము. మొత్తము 400. కార్డులు క్షణకాలము తమ పరిమితిని మించి లాగు స్వభావము గలవి. కావున ఇట్టి యంత్రమునకు 600 వాట్ల దాపున నున్న మంచి ఎస్.ఎం.పి.ఎస్. తగినది. దీని పెట్టెపై 80 ప్లస్ అను గుర్తు కనబడును. గోడనుండి తీసికొన్న విద్యుత్తులో ఎంత భాగము పనికి వచ్చునో ఆ గుర్తు చెప్పును. నూటికి 80 పాళ్లు పనికి వచ్చినచో 400 వాట్లకై గోడనుండి 500 వాట్లు లాగును. తక్కిన 100 వాట్లు వేడిగా మారి గదిలోనికి వచ్చును. 90 పాళ్లు పనికి వచ్చినచో 444 వాట్లు చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయకతప్పదు. కంప్యూటరు పెట్టెను తాకినప్పుడు వ్రేలికి చిమచిమలాడినట్లు తోచినచో అది ఆటకు సంబంధించిన లోపము కాదు. గోడలోని మూడవ రంధ్రమునకు ఎర్తింగు సరిగా లేదన్నమాట. పాత యిండ్లలో ఇది తరచుగా కనబడును. ఆ లోపమును ఎలక్ట్రీషియను చేత బాగుచేయించినదాక యంత్రమును నడుపరాదు.

మన ప్రాంతమున మరియొక శత్రువు వేడి. ప్రాసెసరుపైని హీట్ సింకు, ఫ్యాను కలిసి వేడిని గదిలోని గాలిలోనికి నెట్టును. అంతేగాని చలువను పుట్టింపవు. కావున ప్రాసెసరు వేడి ఎల్లప్పుడును గది వేడికంటె ఇన్ని డిగ్రీలు ఎక్కువ అనునట్లుండును. పుష్యమాసమున గది 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీలతో ఆట నడిపిన యంత్రము, అదే పనికి, వైశాఖమున గది 40 డిగ్రీలైనప్పుడు 85 డిగ్రీలకు చేరును. రకమును బట్టి 95 లేక 100 డిగ్రీల దాపునకు వచ్చినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. "చలికాలమున బాగుగా నడచినది, ఎండకాలమున మందగించినది" అనువారి యంత్రములలో చాలభాగము చెడినవి కావు, దుమ్ము పట్టినవి. ముందువైపు గాలి పోవుటకు సందు లేకుండ అద్దము బిగించిన పెట్టెను కొనరాదు. యంత్రమును ఆపి, తీగ తీసి, మెత్తని కుంచెతోను గాలి ఊదు సాధనముతోను రెండు నెలలకొకసారి దుమ్ము దులుపవలెను. ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొని తిరుగనీయకుండ చూడవలెను.

కూర్చునప్పుడు జరుగు పొరపాట్లు చిన్నవే, కాని భయపెట్టునవి. హీట్ సింకు అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను తీయకుండ బిగించుట; ప్రాసెసరునకు ప్రత్యేకముగా వచ్చు ఎనిమిది సూదుల తీగను మరచుట; ర్యాము కర్రను సగము వరకే దింపుట; బోర్డు క్రింద ఇత్తడి కాళ్లు బిగింపక నేరుగా రేకుపై నానించుట మొదలైనవి. తీగముళ్లు పూర్తిగా దిగినవో లేవో వ్రేలితో తడవి చూడవలెను. 2022 అక్టోబరులో ఒక పెద్ద కార్డు విషయమున పదునారు సూదుల కొత్తరకము ముడి వేడెక్కి కరిగిన వార్తలు వచ్చినవి. పరిశీలింపగా ముడి పూర్తిగా దిగకుండుట అందొక ముఖ్య కారణముగా తేలినది.

ఇక దోషములను వెదకు పద్ధతి. దీనికి మూలసూత్రము ఒక్కటియే: ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రోగి యొకేనాడు నలుగురు వైద్యుల మందులు మ్రింగి లేచి కూర్చున్నచో ఏ మందు పనిచేసినదో ఎవరు చెప్పగలరు? లోపము ఎప్పుడు కనబడుచున్నది, ఏ పని చేయునప్పుడు కనబడుచున్నది, ఏ మార్పు చేసిన నాటినుండి కనబడుచున్నది అను మూడు ప్రశ్నలకు జవాబులను ఒక నోటు పుస్తకమున వ్రాసికొనవలెను. సగము దోషములు ఆ పుస్తకముననే దొరకును.

యంత్రము నడచుచున్నను తెరపై బొమ్మ రానిచో ముందు తెర తీగను చూడవలెను. చాలమంది దానిని గ్రాఫిక్స్ కార్డునకు గాక, పైనున్న మదర్‌బోర్డు రంధ్రమునకు తగిలింతురు. కొన్ని యంత్రములలో అట్లు తగిలించినను బొమ్మ వచ్చును. కాని వేలు పోసి కొన్న కార్డు పని లేక కూర్చుండును, ఆట నత్తనడక నడచును. అటుపిమ్మట బోర్డుపైని చిన్న దీపములను చూడవలెను. ఇప్పటి బోర్డులలో పెక్కింటికి ప్రాసెసరు, ర్యాము, కార్డు, నిల్వ అను నాలుగింటికి నాలుగు దీపములుండును. ఏ దీపము ఆరక నిలిచినదో ఆ భాగమును ముందు అనుమానింపవలెను. ర్యాము దీపము నిలిచినచో కర్రలను తీసి ఒక్కొక్కదానినే పెట్టి చూడవలెను. కొత్త బోర్డు మొదటిసారి ర్యామును పరీక్షించుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనును, తొందరపడి ఆపరాదు. వేగముగల కొత్త తెరను కొనియు భేదము కనబడలేదని బాధపడువారు అమరికలలో అది 60కే నిలిచియున్నదేమో చూచుకొనవలెను.

మా వీధిలోని ఒక కుటుంబమున జరిగినది చెప్పెదను. తొమ్మిదవ తరగతి చదువు బాలుని యంత్రము ఆట నడుమ హఠాత్తుగా ఆగిపోవుచుండెడిది. దుకాణములో చూపగా గ్రాఫిక్స్ కార్డు చెడినదనియు, కొత్తదానికి ముప్పది వేల రూపాయలగుననియు చెప్పిరి. తండ్రి చిన్న యుద్యోగి. కొడుకు ముఖము చూడలేక నెల చిట్టీ పాటకు సిద్ధపడెను. ఆ బాలుని అక్క పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుచున్నది. ఆమె సెలవులకు వచ్చి తమ్ముని నడిగినది.

"తమ్ముడూ, ఇది పగలు గూడ ఆగుచున్నదా, రాత్రులందేనా?"

"ఏడు దాటిన తరువాతనే, అక్కా. ఆదివారము పగలంతయు ఆడితిని, ఒక్కసారియైనను ఆగలేదు."

"ఆగునప్పుడు తెర గూడ ఆరునా?"

"ఆరును. అన్నియు ఒక్కసారే ఆరిపోవును."

కార్డు చెడినదైనచో దానికి పగలు రాత్రి అను భేదమేల? అంతేకాక, తెరకు దాని విద్యుత్తు వేరు. కార్డు చెడినచో తెర "బొమ్మ రాలేదు" అని చెప్పునుగాని తానే ఆరిపోదు. రెండును ఒకేసారి ఆరినవనగా రెంటికిని విద్యుత్తు నిచ్చు చోటనే లోపమున్నదన్నమాట. ఆమె బల్ల క్రిందనున్న యు.పి.ఎస్. పై చీటీని చదివినది. అందు 600 వి.ఎ., 360 వాట్లు అని వ్రాసియున్నది. ఇంతకుముందు ఆ యింట నున్న పాత కంప్యూటరునకు అది చక్కగా సరిపోయినది. కొత్త యంత్రము ఉత్తరములు వ్రాయునప్పుడు నూరు వాట్లలోపే లాగును. ఆటయందు, తెరతో కూడ, 400 వాట్లను దాటును. సాయంకాలమున వీధిలోని ఏ.సి.లన్నియు ఒక్కసారిగా మొదలై వోల్టేజి తగ్గినప్పుడు యు.పి.ఎస్. బ్యాటరీపైకి మారుచున్నది, ఆ బరువును మోయలేక చేతులెత్తుచున్నది. పగలు వోల్టేజి నిలకడగా నుండుటచే ఎట్లో నెట్టుకొని వచ్చుచున్నది.

ఇంతవరకు ఇది ఊహయే. ఆమె మూడు రాత్రులు యు.పి.ఎస్. ను తప్పించి, ఎర్తింగు సరిగానున్న గోడ సాకెట్టునకు రక్షణ గల స్విచ్చిబోర్డు ద్వారా యంత్రమును కలిపినది. మూడు రాత్రులును ఆగలేదు. నాలుగవ రాత్రి మరల యు.పి.ఎస్. కు కలిపినది. అరగంటలో ఆగిపోయినది. కారణమును తీసినప్పుడు ఫలితము పోవలెను. కారణమును మరల పెట్టినప్పుడు ఫలితము మరల రావలెను. ఈ రెండవ భాగమును చాలమంది చేయరు. చేయనిచో మూడు రాత్రులు ఆగకుండుట కేవలము అదృష్టమేమో చెప్పలేము. ఆ యింటివారు తగినంత శక్తిగల యు.పి.ఎస్. ను కొనిరి. చిట్టీ పాటకు తండ్రి పోలేదు. పాత యు.పి.ఎస్. ఇప్పుడు వారి యింటి ఇంటర్నెట్టు పెట్టెను మోయుచున్నది.

దుకాణమువారే కాదు, ఒక్కొక్కసారి యంత్రము చెప్పు మాటయు మనలను దారి తప్పించును. 2022 అక్టోబరులో ఇంటెల్ సంస్థ 13వ తరము ప్రాసెసర్లను, 2023 అక్టోబరులో 14వ తరమువానిని విడుదల చేసినది. వానిలో శక్తిమంతమైన రకములను కొన్నవారిలో కొందరికి ఆటలు తెరచునప్పుడు "గ్రాఫిక్స్ జ్ఞాపకశక్తి చాలదు" అను సందేశము కనబడి ఆట మూసికొని పోవుచుండెడిది. సందేశమును నమ్మినవారు గ్రాఫిక్స్ కార్డులను అనుమానించిరి. కార్డులలో లోపము లేదు. వాని జ్ఞాపకశక్తియు చాలినంత యున్నది. ఆట మొదలగునప్పుడు మూటగట్టియున్న సమాచారమును విప్పు పని ప్రాసెసరుది. ఆ లెక్కలో తప్పు దొర్లుచున్నది. ఆ తప్పు ఫలితము కార్డు గుమ్మమున బయటపడుచున్నది. పండితుడు ప్రశ్న తప్పుగా వ్రాసి యిచ్చినచో విద్యార్థిని దండించి ఏమి లాభము? 2024 జూలైలో ఇంటెల్ కారణమును ప్రకటించినది: ప్రాసెసరులోని మైక్రోకోడు అను సూచనావళి అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచున్నదనియు, దానివలన ప్రాసెసరు క్రమముగా దెబ్బతినుచున్నదనియు తేలినది. ఆగస్టులో సవరించిన సూచనావళి బోర్డుల బయాస్ ద్వారా వచ్చినది. అది రాబోవు దెబ్బను తగ్గించునుగాని తగిలిన దెబ్బను మాన్పలేదు. అందుచే ఆ సంస్థ ఆ ప్రాసెసర్ల హామీ కాలమును రెండేండ్లు పొడిగించినది. కొన్ననాటి రసీదును దాచియుంచుకొనుట ఎంత అవసరమో ఇందువలన తెలియును.

విద్యార్థులు తమ చేతులతో చేయదగినవియు చేయరానివియు గలవు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఎన్నడును విప్పరాదు. తీగ తీసిన తరువాత గూడ అందలి కెపాసిటరులలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును. అది చెడినచో మార్చవలసినదే. మిగిలిన భాగములను ముట్టుకొనుటకు ముందు తీగ తీసి, ఎర్తింగు గల లోహవస్తువును తాకి, మన దేహమున నిలిచిన స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. బోర్డుపై గుండ్రని నాణెము వంటి బ్యాటరీ యొకటి యుండును. దాని పేరు సి.ఆర్. 2032, దాని వోల్టేజి 3 వోల్టులు. కొన్నేండ్లు గడచిన యంత్రము ప్రతి ఉదయమును తేదీని, గంటను మరచిపోయి, అమరికలన్నియు మొదటికి వచ్చినచో బోర్డు చెడినదని బెంగపడనక్కరలేదు. ఆ బ్యాటరీ గడియారముల అంగడిలో గూడ దొరకును; అక్షరములున్న వైపు పైకి వచ్చునట్లు గూటిలో నొక్కినచో చాలును.